1896 నాటి పెద్ద డాలర్ నోటు దొరికింది. అసలుదేనా? బొమ్మ దేని గురించి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మేం పెన్సిల్వేనియాలో ఉంటాం. పోయిన శనివారం ఒక ఇంటి పాత సామాన్ల అమ్మకంలో పుస్తకాల పెట్టె కొన్నాను. అందులోని ఒక లెడ్జర్ పేజీల మధ్య డాలర్ నోటు ఒకటి కనిపించింది. ఇప్పటి నోటు కంటే బాగా పెద్దది. ఒకావిడ కూర్చుని, పక్కన నిలబడ్డ కుర్రాడికి దూరంగా ఏదో చూపిస్తోంది. 1896 అని ఉంది. వెనక వాషింగ్టన్, ఇంకొక ఆవిడ ఉన్నారు. మధ్యలో మడత పడింది. ఇస్త్రీ చేసి లామినేషన్ చేయించమని పక్కింటాయన అంటున్నారు. బొమ్మ ఏంటని మా పాప అడిగితే చెప్పలేకపోయాను. కొంచెం సాయం చేయండి.

జవాబు:
తమ్ముడూ, ఇస్త్రీ వద్దు, లామినేషన్ అసలే వద్దు. సెల్లో టేపు కూడా వేయకు. మడత ఉన్నా నోటుకి విలువ ఉంటుంది, లామినేషన్ చేస్తే ఇక దాన్ని వెనక్కి తీసుకురాలేం. పీవీసీ లేని మైలార్ కవర్ (కాగితానికి హాని చేయని పారదర్శక ప్లాస్టిక్ కవర్) ఒకటి తెప్పించి, చేతులు కడుక్కుని తుడుచుకుని, అందులో పెట్టు. మిగతావన్నీ తర్వాత.

ఇక బొమ్మ సంగతి. నువ్వు చెప్పినదాన్ని బట్టి అది ఎడ్యుకేషనల్ సిరీస్ అనే వరసలోని వెండి సర్టిఫికెట్, అంటే అప్పట్లో ఇచ్చి వెండి తీసుకోగలిగిన నోటు. ఆ స్త్రీ ‘చరిత్ర’. చరిత్రే మనిషి రూపంలో కూర్చుని పిల్లవాడికి పాఠం చెబుతోంది. ఆమె చూపిస్తున్నది వాషింగ్టన్ నగరం. కేపిటల్ అనే అమెరికా చట్టసభ భవనం, వాషింగ్టన్ స్మారక స్తంభం కనిపిస్తాయి చూడు. కుడివైపు తెరిచి ఉన్నది అమెరికా రాజ్యాంగం. గీసినాయన విల్ లో అనే చిత్రకారుడు. వెనకవైపు ఉన్న ఆవిడ వాషింగ్టన్ భార్య మార్తా.

అదే వరసలో రెండు డాలర్ల నోటు ఎడ్విన్ బ్లాష్‌ఫీల్డ్ గీశాడు. అందులో విజ్ఞానం అనే స్త్రీ, ఆవిరి, విద్యుత్తు అనే ఇద్దరు పిల్లల్ని వాణిజ్యానికీ పరిశ్రమకీ అప్పగిస్తుంది. వాషింగ్టన్‌లోని పెద్ద గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ చదువుల గది గుమ్మటం మీద బొమ్మలు వేసింది కూడా ఆయనే. ఐదు డాలర్లది వాల్టర్ షిర్లా పని. రెక్కలున్న స్త్రీ కరెంటు దీపం ఎత్తి పట్టుకుంటుంది. నా మటుకు అమెరికా నోట్లలో ఇంత అందమైన వరస మళ్లీ రాలేదు. 1899లో ఒక డాలర్ మీదికి గద్ద వచ్చేసింది.

అసలుదా కాదా అని ఫోటో చూసి చెప్పకూడదు. ముందు స్కేలు పెట్టి కొలువు. ఆ కాలం నోటు దాదాపు 18.8 సెంటీమీటర్ల పొడవు, 7.9 వెడల్పు. 1929లో నోట్లు చిన్నవయ్యాయి, ఇప్పటిది 15.6 మాత్రమే. తర్వాత భూతద్దం తీసుకో. మన ఇళ్లలో స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కిస్తారు కదా, ఇదీ అలాంటి పనే. ఉక్కు పలక మీద గీతలు చెక్కి, గాళ్లలో సిరా నింపి, కాగితాన్ని గట్టిగా అదుముతారు. సిరా కాగితం మీదికి ఉబ్బెత్తుగా వస్తుంది. అందుకే అసలు నోటులో ఆమె బుగ్గ మీది నీడ కూడా సన్నటి గీతలూ చుక్కలూగా విడివిడిగా, పదునుగా కనిపిస్తుంది. ఇంట్లో ప్రింటర్‌తో తీసినదైతే రంగురంగుల చుక్కలు కలిసిపోయి ఉంటాయి. ఏ మూలైనా ‘కాపీ’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట ఉందేమో కూడా వెతుకు. 1973 చట్టం ప్రకారం నకళ్ల మీద అది వేయాలి, కానీ లేనంత మాత్రాన అసలుదని అనుకోకు.

స్మిత్‌సోనియన్ అమెరికా చరిత్ర మ్యూజియం సేకరణలో ఇలాంటి నోట్లున్నాయి. వాళ్ల సైట్లో బొమ్మ తెరిచి, నీ నోటు పక్కన పెట్టి గీత గీతా పోల్చు. అన్నీ కుదిరితే, అప్పుడు పాత నోట్లను పరీక్షించి, ఎంత బాగున్నాయో చెప్పే గ్రేడింగ్ ఇచ్చే సంస్థకి పంపు.

ఇంకొకరు:
చిన్న మాట. 1861 నుంచి అమెరికా ప్రభుత్వం వేసిన నోట్లన్నీ ఇప్పటికీ చెల్లుతాయి. బ్యాంకులో ఇస్తే చేతికి ఒక్క డాలరే వస్తుంది. పొరపాటున కూడా మార్చకండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అక్కా. కొలిచాను, 18.8 దగ్గరికే వచ్చింది. గీతలు విడివిడిగానే ఉన్నాయి. కాపీ అనే మాట కనబడలేదు. మైలార్ కవర్ ఆర్డర్ పెట్టాను. పాప స్కూల్ ప్రాజెక్టుకి రంగు జిరాక్స్ తీయొచ్చా?

జవాబు:
అసలు సైజులో తీయకు, దొంగనోట్ల చట్టం ఒప్పుకోదు. రంగు బొమ్మైతే నోటు పొడవు వెడల్పుల్లో ముప్పావు వంతు కంటే చిన్నగా, లేదా ఒకటిన్నర రెట్ల కంటే పెద్దగా ఉండాలి. ఒకవైపే ముద్రించాలి. పని అయ్యాక కంప్యూటర్లో ఉన్న ఆ బొమ్మ ఫైళ్లు తీసేయాలి కూడా. ప్రాజెక్టుకి పెద్దదే బాగుంటుంది. అంచు చుట్టూ ఆకుల దండల్లో పేర్లు ఉంటాయి, పాపతో చదివించు. ఫ్రాంక్లిన్, లింకన్, ఎమర్సన్...

ప్రశ్న అడిగినవారు:
అప్పుడే చదువుతోంది అక్కా. మోర్స్ దగ్గర ఆగి, ఈయన ఎవరంటోంది.

జవాబు:
తీగల మీద సందేశాలు పంపే టెలిగ్రాఫ్ తయారుచేసిన మోర్స్. అదే వరసలో రెండు డాలర్ల నోటు వెనక ఆయన ముఖమే ఉంటుంది, చూపించు.