అప్‌డేట్: ప్రీస్కూల్ టీచర్ సర్టిఫికెట్‌తో అంగన్వాడీ ఉద్యోగం వస్తుందా?

తిరుపతిలోని ఒక ప్రైవేటు సంస్థ ఇచ్చే ఏడాది ప్రీస్కూల్ శిక్షణ సర్టిఫికెట్ అంగన్వాడీ ఉద్యోగానికి పనికొస్తుందా అని గత వేసవిలో ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. ఫీజు కట్టే ముందు ఎన్‌సీటీఈ (టీచర్ శిక్షణ సంస్థలకు గుర్తింపునిచ్చే జాతీయ మండలి) గుర్తింపు జాబితా చూడమన్న సలహాయే నన్ను కాపాడింది. కరపత్రంలో ‘ప్రభుత్వ గుర్తింపు’ అని పెద్ద అక్షరాల్లో వేసుకున్న ఆ సంస్థ పేరు జాబితాలో ఎక్కడా కనిపించలేదు. పైగా అంగన్వాడీలను నడిపే ఐసీడీఎస్ ప్రాజెక్టు కార్యాలయంలో విచారించగా, అంగన్వాడీ కార్యకర్త పోస్టుకు పదో తరగతి ఉత్తీర్ణత, 21 నుంచి 35 ఏళ్ల వయసు, స్థానిక నివాసం చూస్తారని, అభ్యర్థి వివాహిత అయి ఉండాలని, శిక్షణ ఎంపికైన తర్వాత వారే ఇస్తారని చెప్పారు. నాకింకా పెళ్లి కాలేదు కనుక ఆ దారి ప్రస్తుతానికి మూసుకుపోయినట్లే.

అందుకే రెండేళ్ల డీఎల్‌ఎడ్ (ప్రాథమిక పాఠశాల టీచర్ శిక్షణ) కోసం దాని ప్రవేశ పరీక్ష డీసెట్‌కు చదువుతున్నాను. స్పోకెన్ ఇంగ్లిష్ రాదేమోనని అప్పట్లో నేను అంతగా బెంగపడ్డాను కానీ, ఆ విషయం ఇప్పటిదాకా అసలు ఎవరూ అడగనే లేదు. ఒక నెల ఏదైనా ప్లేస్కూల్‌లో ఉండి చూడమన్న సలహా మాత్రం బాగా ఉపయోగపడింది: తల్లి వెళ్లిపోయిందని గంటసేపు ఏడ్చిన మూడేళ్ల పిల్లవాడు, నేను ఏమీ మాట్లాడకుండా పక్కన కూర్చుని చింతగింజలు వరుసగా పేర్చడం మొదలుపెట్టగానే, ఏడుపు ఆపి తానూ ఒక గింజ పెట్టాడు.