నింజా 300 ట్రాక్ బైక్‌కి క్లిప్‌ఆన్ హ్యాండిల్: ఏది తీసుకోవాలి, ఎక్కడ బిగించాలి?

కొంపల్లి_300

అందరికీ నమస్తే. నాది పాత నింజా 300. సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని పూర్తిగా ట్రాక్ కోసమే తయారు చేసుకుంటున్నాను. లైట్లు, అద్దాలు, సైడ్ స్టాండు అన్నీ తీసేశాను, ఫైబర్ ఫెయిరింగ్ వేయించాను. హైదరాబాద్ నుంచి పికప్ బండిలో వేసుకుని చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కి తీసుకెళ్తుంటాం.

ఇబ్బందల్లా హ్యాండిల్‌తోనే. స్టాక్‌ది (కంపెనీ ఇచ్చింది) ఎత్తుగా ఉంది. స్ట్రెయిట్‌లో ట్యాంకు మీద వాలితే మోచేతులు గాలికి అడ్డంగా బయటికి పొడుచుకొస్తాయి. సి-వన్ (మొదటి) మలుపులోకి దిగేటప్పుడు ముందు చక్రం ఏం చేస్తోందో చేతికి తెలియడం లేదు.

అందుకే క్లిప్‌ఆన్లు (ముందు ఫోర్క్ గొట్టాలకే నేరుగా బిగించే, విడివిడి రెండు హ్యాండిళ్లు) వేద్దామనుకుంటున్నాను. ఆన్‌లైన్‌లో ఏ బండికైనా సరిపోతుందంటూ సీఎన్‌సీ (కంప్యూటర్ మిషన్ మీద కోసిన) క్లిప్‌ఆన్లు రెండు మూడు వేలకే దొరుకుతున్నాయి. వుడ్‌క్రాఫ్ట్ లాంటి పేరున్న కంపెనీలవి దానికి ఎన్నో రెట్లు. అంత తేడా ఎందుకు? టాప్ టీ (రెండు ఫోర్క్ గొట్టాల్నీ పైన కలిపి పట్టే పలక) పైన బిగించాలా, కిందా? మా వైపు మెకానిక్ ఒకాయన స్టాక్ హ్యాండిల్‌నే కోసి, కిందికి వంచి వెల్డింగ్ చేస్తానంటున్నాడు. అది పనికొస్తుందా? తెలిసినవాళ్లు చెప్పగలరు.

ఆటోనగర్_టర్నర్ (విజయవాడ)

తమ్ముడూ, ముందుగా వెల్డింగ్ మాట. వద్దు. హ్యాండిల్‌కి అతుకు వేస్తే ఆ అతుకు పక్కనే లోహం మెత్తబడుతుంది. గట్టిగా బ్రేక్ పట్టినప్పుడు నీ ఒంటి బరువంతా ఆ రెండు గొట్టాల మీదే పడుతుంది. ఎఫ్‌ఐఎం (అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య) రోడ్ రేసింగ్ రూల్స్‌లో కూడా అల్యూమినియం లాంటి తేలిక లోహపు హ్యాండిళ్లను వెల్డింగ్‌తో బాగుచేయడం నిషేధం. ఆ మెకానిక్‌కి దండం పెట్టి వచ్చేయ్.

ఇక కొనే విషయం. ఎత్తు, రంగు తర్వాత చూద్దువు గానీ, ముందు ఒకటి ఆలోచించు. ట్రాక్ బండి ఎప్పుడో ఒకప్పుడు పడుతుంది. పడితే నేలకి ముందుగా తగిలేవాటిలో హ్యాండిల్ చివర ఒకటి. క్లాంపు, గొట్టం ఒకే ముక్కగా ఉన్నది తీసుకుంటే, గొట్టం వంగగానే మొత్తం చెత్తలోకే. రెండు ముక్కల రకం అయితే ఫోర్క్‌ని పట్టుకునే క్లాంపు వేరు, అందులో దూరే గొట్టం వేరు. వంగిన గొట్టం లాగేసి, బ్యాగులో ఉన్న స్పేర్ గొట్టం దూర్చి బిగిస్తే మధ్యాహ్నం సెషన్‌కి మళ్లీ ట్రాక్ మీద ఉంటావు. ఎక్కువ డబ్బు పెట్టేది ఇందుకే. కొనేటప్పుడే రెండు స్పేర్ గొట్టాలు కూడా తీసుకో. వంగిన అల్యూమినియం గొట్టాన్ని పైపులో పెట్టి సాపు చేసి మళ్లీ వాడటం మాత్రం చేయొద్దు. సాపుగా కనిపించినా లోపల బీట ఉండొచ్చు.

చవకవాటిలో అన్నీ చెడ్డవని అనను. కానీ చాలావాటికి సీఎన్‌సీ అని పేరే, లోపలున్నది పోత సరుకు. మా షెడ్డుకి విరిగి వచ్చిన ఒకటి చూశాను, విరిగిన చోట పంచదార పలుకుల్లా ఉంది. మంచి బిల్లెట్ (గట్టి దిమ్మ నుంచి కోసిన) అల్యూమినియం ముందు వంగుతుంది, అలా పుటుక్కున తెగదు. ఇంకొకటి, పెట్టె తెరవగానే క్లాంపు లోపలి అంచు చుట్టూ వేలు తిప్పి చూడు. గీసుకుపోతే మిషన్ మీద నుంచి తీశాక అంచు కొట్టలేదన్నమాట. ఆ అంచు నీ ఫోర్క్ గొట్టం మీద గీత పెడుతుంది. సన్న ఎమరీ పేపర్‌తో నునుపు చేశాకే ఎక్కించాలి.

సైజు విషయం. నింజా 300 ఫోర్క్ 37 మిల్లీమీటర్లది, మామూలు రకం. కాబట్టి 37 క్లాంపే తీసుకో. పెద్ద సైజు ఇచ్చి మధ్యలో షిమ్ము (సందు నింపే పల్చటి రేకు) పెట్టుకోమంటారు, ఒప్పుకోకు. ఇది చదివే మిగతావాళ్లకి ఒక మాట: మీ బండికి యూఎస్‌డీ (తలకిందుల) ఫోర్క్ ఉంటే కంపెనీ చెప్పే 41, 43 లాంటి అంకెలు కిందున్న సన్న గొట్టానివి. క్లిప్‌ఆన్ పట్టుకునేది పైనున్న లావు గొట్టాన్ని. వెర్నియర్ పెట్టి బిగించే చోటే కొలవండి. బ్రోషర్ చూసి ఆర్డర్ పెట్టొద్దు.

పైనా కిందా అంటే, టాప్ టీ పైన ఫోర్క్ గొట్టం ఎంత బయటికి ఉందో కొలువు. క్లాంపు ఎత్తుకి సరిపడా ఉంటే పైన. లేకపోతే కింద. పైన చోటు చాలలేదని ఫోర్కుల్ని టీలోంచి పైకి లాగేవాళ్లున్నారు. అలా లాగితే బండి ముందు భాగం దిగుతుంది, రేక్ (స్టీరింగ్ వాలు), ట్రెయిల్ (ఆ వాలు గీత నేలని తాకే చోటికీ, చక్రం తాకే చోటికీ మధ్య దూరం) రెండూ తగ్గుతాయి. మలుపులోకి చురుగ్గా దిగుతుంది గానీ, స్ట్రెయిట్‌లో, గట్టి బ్రేకింగ్‌లో నిలకడ పోతుంది. హ్యాండిల్ కోసం బండి జామెట్రీ మార్చకూడదు. కింద బిగించి, చేతులు మరీ దిగిపోతే రైజ్ ఉన్న క్లిప్‌ఆన్ తీసుకో. క్లాంపు కిందే ఉంటుంది, గొట్టం పైకి లేచి వస్తుంది.

కింద బిగించే పద్ధతి చెప్తాను. హెడ్ స్టాండ్ (స్టీరింగ్ దగ్గర పట్టి లేపే స్టాండ్) మీద బండి ముందు భాగం లేపు. టీ మధ్యలో ఉన్న స్టెమ్ నట్టు విప్పి, టాప్ టీ బోల్టులు వదులు చేసి, టీని పైకి తీసి ఇగ్నిషన్ వైర్లు లాగకుండా పక్కకి ఆనించు. లోయర్ టీ బోల్టుల జోలికి పోకు. అవి బిగుతుగా ఉన్నంతసేపూ ఫోర్కుల ఎత్తు మారదు. అయినా విప్పేముందు రెండు వైపులా ఎత్తు కొలిచి రాసిపెట్టుకో. ఫోర్క్ గొట్టం మీద గ్రీజు, నూనె లేకుండా తుడిచి క్లిప్‌ఆన్ దించు. టీ మళ్లీ కూర్చోబెట్టాక స్టెమ్ నట్టుకీ, వదులు చేసిన టాప్ టీ బోల్టులకీ సర్వీస్ మాన్యువల్‌లో చెప్పిన టార్క్ ఇవ్వు. అప్పుడు హ్యాండిల్ వదిలితే అటూ ఇటూ సాఫీగా వాలాలి, ఫోర్క్ కింద పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపితే టక్కుమనకూడదు. టక్కుమంటే కోన్‌సెట్ (స్టీరింగ్ బేరింగ్) లూజు, పట్టేస్తే టైటు.

క్లాంపుకి రెండు బోల్టులుంటే ఒకదాన్ని పూర్తిగా బిగించి రెండోదానికి పోకు. మార్చి మార్చి కొంచెం కొంచెం బిగించు. చివర్లో చీలిక సందు పైనా కిందా సమానంగా ఉండాలి. టార్క్ తయారీదారు చెప్పినంతే. సన్న ఎం6 బోల్టులైతే మామూలుగా 10 న్యూటన్ మీటర్ల లోపే. పెద్ద ఎల్ కీ పెట్టి బలం చూపిస్తే అల్యూమినియంలో మరలు పోతాయి.

కరి_రైడర్_లక్ష్మి (కోయంబత్తూరు)

కొంపల్లి గారూ, టర్నర్ అన్నయ్య బిగింపు అంతా చెప్పేశారు. నేను కూర్చునే తీరు గురించి చెప్తాను, ఎందుకంటే నేను పొట్టి మనిషిని. ట్రాక్ బండి అనగానే ఎంత కిందికి పెడితే అంత మంచిదని అందరూ సున్నా రైజ్ కొనేస్తారు. ఇక్కడ కరి ట్రాక్ రెండు కిలోమీటర్ల చిల్లరే, మలుపు వెంట మలుపు. హ్యాండిల్ మరీ కిందా, దూరంగా ఉంటే నా చేతులు కర్రలా బిగిసిపోయేవి. చేతులు బిగిస్తే ముందు చక్రం చెప్పేది వినపడదు. మీరు అడిగిన ఇబ్బంది కూడా అదే కదా! పాతిక మిల్లీమీటర్ల రైజ్ ఉన్నవి వేశాక మోచేయి వంగి, వదులుగా ఉంది, ముంజేయి బార్‌కి సూటిగా వచ్చింది.

బండిని స్టాండ్ మీద పెట్టి, లెదర్ సూట్, హెల్మెట్, గ్లవ్స్ వేసుకుని కూర్చుని చూడండి. టీషర్టు మీద కుదిరింది సూట్‌లో కుదరదు. బ్రేకింగ్ బరువు తొడలతో ట్యాంకుని పట్టి ఆపాలి, అరచేతులతో కాదు. అందుకే ట్యాంక్ గ్రిప్పులు, రియర్‌సెట్లు (వెనక్కి జరిపిన ఫుట్‌రెస్టులు) కూడా హ్యాండిల్‌తో పాటే చూసుకోవాలి. లివర్ కోణం చివర్లో సర్దండి: వేళ్లు చాపితే మణికట్టు పైకీ కిందికీ విరగకుండా తిన్నగా ఉండాలి.

కొంపల్లి_300

ఇద్దరికీ చాలా థాంక్స్. రెండు ముక్కల 37 సైజు, పాతిక రైజ్ ఉన్నవి తెప్పించాను. పైన గొట్టం చాలలేదు, కిందే పెట్టాను. ఫోర్క్ ఎత్తు రెండు వైపులా ముందు రాసుకున్నట్టే ఉంది. రెండు సందేహాలు. పూర్తిగా కుడికి తిప్పితే బొటనవేలు ట్యాంకుకి నొక్కుకుంటోంది. యాక్సిలరేటర్ హౌసింగ్‌లో చిన్న పిన్ను ఉంది, కొత్త గొట్టానికి దానికి తగ్గ రంధ్రం లేదు. పిన్ను కోసేయనా?

ఆటోనగర్_టర్నర్ (విజయవాడ)

పిన్ను కోయకు తమ్ముడూ. అది లేకపోతే హౌసింగ్ మొత్తం గొట్టం మీద తిరిగే ప్రమాదం ఉంది. యాక్సిలరేటర్ విషయంలో రాజీ పడకూడదు. ముందు హ్యాండిల్ కోణం, లివర్ కోణం ఖరారు చేసి, హౌసింగ్ ఎక్కడ కూర్చుంటుందో గుర్తు పెట్టు. పిన్ను సైజుకి సరిగ్గా ఒకవైపు గోడకే రంధ్రం వెయ్యి, ఆర్‌పార్ పోనివ్వకు. అంచు నునుపు చెయ్యి. క్లాంపుకి ఆనుకుని ఎక్కడా రంధ్రం వద్దు, బలమంతా పడేది అక్కడే. స్పేర్ గొట్టానికి కూడా ఇప్పుడే వేసిపెట్టుకో.

బొటనవేలి సంగతికి ముందు క్లిప్‌ఆన్‌ని కాస్త ముందుకి తిప్పి చూడు, రెండు వైపులా ఒకే కోణం. చాలకపోతే స్టీరింగ్ స్టాపర్ దగ్గర ఇరువైపులా సమానంగా మందం పెంచాలి. ఎఫ్‌ఐఎం లెక్క ప్రకారం పూర్తిగా తిప్పినప్పుడు హ్యాండిల్‌కీ, లివర్లతో సహా, ట్యాంకుకీ మధ్య కనీసం 30 మిల్లీమీటర్లుండాలి. మధ్య నుంచి అటూ ఇటూ తిరగడం 15 డిగ్రీలకి తగ్గకూడదు. ట్రాక్ డేలో ఎవరూ టేపు పెట్టి కొలవకపోవచ్చు, కానీ బండి వణికి హ్యాండిల్ ఊగినప్పుడు వేలు నలగకుండా కాపాడేది ఆ ఖాళీయే.

ఫెయిరింగ్ ఎక్కించే ముందు ఇంజిన్ స్టార్ట్ చేసి, ఐడిల్‌లో ఉంచి, హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివరికి నెమ్మదిగా తిప్పు. ఆర్‌పీఎం పెరిగితే యాక్సిలరేటర్ కేబుల్ ఎక్కడో బిగుసుకుంటోంది, దారి మార్చు. గ్రిప్ దగ్గర రెండు మూడు మిల్లీమీటర్ల ఆట ఉండాలి, వదలగానే చటుక్కున మూసుకోవాలి. బ్రేక్ పైపు హ్యాండిల్ దిగినందుకు మడత పడకూడదు, ఫెయిరింగ్‌కి రాసుకోకూడదు. గొట్టాల చివరలు తెరిచి వదలకు, బార్ ఎండ్ బిగించు. స్క్రూటినీలో (ట్రాక్‌లోకి వదిలే ముందు చేసే తనిఖీలో) అది చూస్తారు. పడినప్పుడు తెరిచిన గొట్టం మనిషికి దిగుతుంది కూడా.

మొదటి సెషన్ అయ్యాక పిట్‌లోకి రాగానే క్లాంపు బోల్టులు టార్క్ రెంచ్‌తో మళ్లీ ఓసారి చూసుకో. ఆ తర్వాత పెయింట్ పెన్నుతో బోల్టు తల మీద నుంచి క్లాంపు దాకా ఒక గీత గీయి. గీత కలవకపోతే బోల్టు కదిలినట్టే.