కాలిన గాయాలకి గ్లుటమిన్ పౌడర్ కొనాలా, గుడ్డు పెడితే చాలా?

పటమట శీను:
గ్యాస్ అంటుకుని మా బావకి ఒళ్లు 40 శాతం కాలింది. బెజవాడలోనే ఆసుపత్రిలో ఉన్నాడు. గ్లుటమిన్ అని, ప్రొటీన్‌లో ఉండే ఒక అమైనో ఆమ్లమట, దాని పౌడర్ సాచెట్లు బయట కొనుక్కురమ్మన్నారు. అత్తయ్యేమో పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వేడి చేస్తుందని చారన్నం తప్ప పెట్టనివ్వడం లేదు. ఎవరి మాట వినాలి?

అరండల్‌పేట సిస్టర్:
తమ్ముడూ, ముందు ఆ పథ్యం మాన్పించు. బర్న్స్ వార్డులో ఎనిమిదేళ్లు చేశాను. ఒళ్లు ఇంత కాలితే శరీరం ఖర్చు ఇంచుమించు రెట్టింపవుతుంది. తిండి చాలకపోతే సొంత కండనే కరిగించుకుంటుంది. కిలో బరువుకి రోజుకి 1.5 నుంచి 2 గ్రాముల ప్రొటీన్ పడాలి. మీ బావ 60 కిలోలుంటే 90 నుంచి 120 గ్రాములు. గుడ్డుకి వచ్చేది 6 గ్రాములే. ఇక చారన్నంలో ఏముందని?

మెడికల్ షాపు బాబాయ్:
గ్లుటమిన్‌ని తీసిపారేయకండమ్మా. పేగులకి బలమని పెద్ద డాక్టర్లే ఏళ్ల తరబడి రాశారు.

అరండల్‌పేట సిస్టర్:
రాశారు బాబాయ్ గారూ, నేనే కలిపి పట్టాను. కానీ 2022లో 14 దేశాల్లో దాదాపు 1,200 మంది మీద చేసిన పరిశోధన వచ్చింది. గ్లుటమిన్ ఇచ్చినవాళ్లు త్వరగా ఇంటికి వెళ్లిందీ లేదు, మరణాలు తగ్గిందీ లేదు. మామూలు ప్రొటీన్ పౌడర్ సంగతి వేరు, తిండి చాలనప్పుడు అది అవసరమే. జింక్, రాగి, సెలీనియం కూడా పుండు రసితో పాటు పోతాయి. డాక్టరు రాస్తే అవి మానొద్దు.

కొత్తపేట గుంటూరు:
సిస్టర్ గారూ, మీరు గుడ్లు లెక్కపెడుతున్నారు, అవి దిగేదెలా? మా నాన్నకి రెండు ముద్దలు కూడా పోలేదు. ముక్కులోంచి పొట్టలోకి తిండి పంపే రైల్స్ ట్యూబ్ వేశాకే తేరుకున్నారు. డ్రెస్సింగ్‌కి మత్తు ఇవ్వాలని పొద్దున్నుంచి ఖాళీ కడుపుతో ఉంచేవాళ్లు, తీరా తీసుకెళ్లేసరికి రెండయ్యేది. రోజు విడిచి రోజు అదే తంతు. ఏ పౌడర్ పూడుస్తుందండీ ఆ పూటల్ని?

అరండల్‌పేట సిస్టర్:
ఆ మాట ఒప్పుకుంటా. శీనూ, డ్రెస్సింగ్ ఎన్నింటికో ముందే అడుగు. ట్యూబ్ వేస్తామంటే భయపడొద్దు. కిడ్నీ ఇబ్బంది ఏమైనా ఉంటే మాత్రం నేను చెప్పిన ప్రొటీన్ లెక్క డైటీషియన్‌ని అడిగాకే.

పటమట శీను:
ఇవాళ అత్తయ్య గుడికెళ్లినప్పుడు రెండు ఉడికించిన గుడ్లు చిదిమి పెరుగన్నంలో కలిపి పెట్టాను. సగం తిన్నాడు. సాచెట్ల సంగతి రేపు రౌండ్స్‌లో డాక్టర్ గారినే అడుగుతా. గాయంలో చుక్క చీము కనబడిందా, అత్తయ్య నన్ను గుమ్మం ఎక్కనివ్వదు.