‘హై ఎల్బో గిలటిన్’కి తెలుగు మాట: గొంతా, పీకా, మెడా?

పదసంచి:
నో-గి గ్రాప్లింగ్ (‘గి’ అనే జూడో అంగీ లేకుండా, పట్లతో లొంగదీసే ఆట) శిక్షణ పాఠం తెలుగులోకి తెస్తున్నాం. ప్రత్యర్థి మెడను ముందు నుంచి చేత్తో చుట్టి బిగించే ‘హై ఎల్బో గిలటిన్’ దగ్గర ఆగిపోయాం. ముసాయిదాలో ‘మోచేయి ఎత్తి గొంతు నులమడం’ అని ఉంది. చదువుతుంటే కుస్తీ పట్టులా లేదు, నేరవార్తలా ఉంది. గిలటిన్ అన్న మాటను అలాగే ఉంచేద్దామా? అసలు ‘గొంతు’ సరైనదేనా?

గోదాగట్టు:
నేరవార్తలా ఉండటం ఒక్కటే కాదండీ, అర్థమూ తప్పుతోంది. ‘గొంతు నులమడం’ అంటే ముందువైపు గాలిగొట్టం నొక్కడం. ఈ పట్టు సరిగ్గా పడితే నొక్కుడు మెడకు రెండు పక్కలా పడుతుంది. అక్కడ కెరోటిడ్ ధమనులు ఉంటాయి, వేలు పెడితే నాడి కొట్టుకోవడం తెలుస్తుంది. రెండూ మూసుకుంటే సుమారు పది సెకన్లలో స్పృహ తప్పుతుంది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, మెదడుకు రక్తమే అందదు. గాలిగొట్టం మీద నొక్కితే మాత్రం నొప్పి, దగ్గు, మృదులాస్థికి దెబ్బ. మొదటిది పనితనం, రెండోది మొరటుతనం. రెంటికీ ఒకే మాట వాడితే చదివిన కుర్రాడు రెండోదే నేర్చుకుంటాడు.

పాత నిఘంటువు:
తెలుగులో ఈ తేడాకు మాటలు సిద్ధంగానే ఉన్నాయి. పీక అంటే గొట్టం, ఊదేది. సన్నాయికి పీక ఉంటుంది, పిల్లలు ఊదే బూరకూ ఉంటుంది. ఒంట్లో గాలి పోయే గొట్టమూ పీకే. కాబట్టి ‘పీక పిసకడం’ అంటే అచ్చంగా గాలి ఆపడమే. గొంతుకు స్వరం అనే అర్థం కూడా ఉంది, ‘ఆమె గొంతు బాగుంది’ అంటాం కదా. కుత్తుక అనగానే కత్తి గుర్తొస్తుంది. మెడ ఒక్కటే చుట్టూ ఉన్న స్తంభాన్నంతా చెబుతుంది. నా ఓటు ‘మెడ బిగింపు’కి.

జపాన్ వాళ్లు చేసిందీ ఇదే. జూడోలో ఈ పట్టు పేరు మాఎ-హదక-జిమె. మాఎ అంటే ముందు, హదక అంటే వట్టి, అంటే దుస్తు పట్టుకోకుండా వేసేది. జిమె అంటే బిగించడం. ‘గొంతు’ అన్న ముక్కే లేదు చూడండి. బ్రెజిల్ వాళ్లయితే వెనక నుంచి వేసే పట్టుకు మాతా లెయావ్, అంటే సింహాన్ని చంపేది, అని పేరు పెట్టుకున్నారు. అంత ఆర్భాటం మనకొద్దు.

ఓరుగల్లు పోరడు:
మరి మన కుస్తీల ఏమంటరన్నా? పహిల్వాన్లకు దీనికి పేరు లేకుండ ఉంటదా?

గోదాగట్టు:
మెడ పట్టుకోవడం ఉంది తమ్ముడూ, బిగించి లొంగదీయడం లేదు. కుస్తీలో గెలుపు అంటే వీపు మట్టికి ఆనించడం. ఊపిరో రక్తమో ఆపడం అక్కడ ఆటే కాదు. ఒలింపిక్ కుస్తీలోనూ అంతే: ముందు నుంచి తల పట్టుకోవాలంటే ప్రత్యర్థి చేయి ఒకటి లోపల కలిసి ఉండాలి, వట్టి మెడ పట్టుకోకూడదు. ఈ గిలటిన్ అచ్చంగా ఆ కూడనిదే, చేయి బయటే ఉంటుంది. అందుకే మనకు ‘పట్టు’ దొరుకుతుంది కానీ ‘బిగింపు’ దొరకదు.

పాత నిఘంటువు:
కుస్తీ నుంచి మన ఇళ్లలోకి వచ్చిన మాట వేరే ఉంది. హిందీలో పట్లనూ ఎత్తులనూ కలిపి దావ్-పేచ్ అంటారు. పేచ్ అంటే మెలిక. మన ‘పేచీ’ ఆ కుదురుదే. ‘మడతపేచీ’ పెట్టేవాళ్లు గోదా చూసి ఉండకపోవచ్చు, మాట మాత్రం చక్కగా మెలిపెడతారు.

తెల్లకాగితం:
‘ధృతరాష్ట్ర కౌగిలి’ ఉండగా ఇంత వెతుకులాట ఎందుకండీ?

గోదాగట్టు:
బాగుంది కానీ అతకదు. ధృతరాష్ట్రుడు నలిపింది ఒళ్లంతా, అదీ ఇనుప విగ్రహాన్ని. నడుము చుట్టి బంధించే బాడీ లాక్‌కి ఆ పేరు పెట్టుకోండి, ఒప్పుకుంటాను. ఉడుంపట్టు కూడా గుణమే చెబుతుంది, చోటు చెప్పదు.

పదసంచి:
సరే, ‘మెడ బిగింపు’ ఖాయం. ఇక వరసగా మెట్లు చెప్పండి, మాటలు సరిచూసుకుంటాను. ‘చిన్ స్ట్రాప్’ని ‘గడ్డం పట్టు’ అన్నాను. గడ్డం పట్టుకుని బతిమాలుతున్నట్టుందని నవ్వుతున్నారు.

గోదాగట్టు:
నవ్వనివ్వండి, ‘గడ్డం దొప్ప’ అనండి. అరచేయి అక్కడ దొప్పలాగే ఉంటుంది.

ప్రత్యర్థి కాళ్ల మీదికి దూకినప్పుడు కాళ్లు వెనక్కి విసిరి, బరువు అతని భుజాల మీద వేయాలి. అతని తల మన చంక కిందికి వస్తుంది. కుడిచేయి మెడ చుట్టూ తిప్పి గడ్డం కింద దొప్ప పెట్టాలి. ఇది ఆపే పట్టే, ఇంకా బిగింపు కాదు. తరవాత మణికట్టును లోపలికి జార్చాలి. బొటనవేలి వైపు ఎముక గడ్డం కిందికి రావాలి, దవడ మీద కాదు. దవడ మీద పడితే పళ్లు నొప్పెడతాయి, పట్టు పడదు. మణికట్టు గొంతు నడిమి గీత దాటాలి. దాటకపోతే ఎముక మొన సరిగ్గా పీక మీద కూర్చుంటుంది. అందరూ చేసే తప్పు ఇదే.

ఎడమచేత్తో కుడి అరచేతి అంచును అందుకోవాలి. బొటనవేలు విడిగా చుట్టకుండా మిగతా వేళ్లతోనే ఉంచాలి. ఇప్పుడు అసలు సంగతి. మామూలు గిలటిన్‌లో కుడి మోచేయి మన పక్కటెముకలకు అంటుకుని ఉంటుంది, నడుము ముందుకు తోసి వెనక్కి విల్లులా వంగి బిగిస్తాం. ఇందులో ఆ మోచేయి పైకి, అతని వీపు మీదికి లేస్తుంది. లేస్తున్నకొద్దీ మెడ పక్కనున్న సందు మూసుకుపోతుంది. ఛాతీ అతని తల మీదికి ఒరుగుతుంది. వెనక్కి లాగడం లేదు, ముందుకు ముడుచుకోవడం. పొట్టిచేతులవాళ్లకూ పని చేసేది అందుకే.

ఈ పద్ధతికి పేరు తెచ్చినవాడు బ్రెజిల్ ఆటగాడు మార్సెలో గార్సియా. అబుధాబిలో 1998లో మొదలైన ఏడీసీసీ గ్రాప్లింగ్ పోటీల్లో 77 కిలోల లోపు విభాగాన్ని 2003, 2005, 2007, 2011లో గెలిచాడు. అతని పేరు మీదే దీన్ని మార్సెలోటీన్ అని కూడా పిలుస్తారు.

పాత నిఘంటువు:
ఇటు మనిషి పేరు, అటు యంత్రం పేరు! తల నరికే ఆ యంత్రం పేరూ ఫ్రాన్సు డాక్టర్ గిలటిన్‌దే. 1789లో ఆయన శిక్షలో బాధ తగ్గించాలని ప్రతిపాదించాడు, 1792లో యంత్రం పనిలోకి దిగింది. మన పత్రికల్లో బడ్జెట్ పద్దుల చర్చకు కేటాయించిన చివరిరోజు మిగిలిన పద్దులను చర్చ లేకుండా ఆమోదించడాన్నీ ‘గిలటిన్’ అనే రాస్తారు. కాబట్టి ఆ మాట తెలుగు పాఠకుడికి కొత్త కాదు, ఉంచేయవచ్చు.

ఓరుగల్లు పోరడు:
పట్టు పడ్డంక ఎట్ల తప్పించుకుంటరో గూడ రాయాలె కదా?

గోదాగట్టు:
రాయాలి. పట్టు కుదరకముందే వెల్లకిలా పడిపోవడం వేసేవాడు చేసే పెద్ద తప్పు. తల కుడి చంకలో ఉంటే, చిక్కినవాడు మన ఎడమవైపుకి నడుస్తాడు, భుజంతో మన మెడ మీదే బరువు వేస్తాడు. దానికి వాన్ ఫ్లూ అని పేరు. వదలకుండా పట్టుకుని కూర్చుంటే వేసినవాడే స్పృహ తప్పుతాడు. పట్టూ విడుపూ తెలియాలి అనేది ఇందుకే. వెల్లకిలా కాక పక్కకు ఒరిగి, పై కాలు అతని వీపు మీద వేస్తే అతను దొర్లిపోలేడు. ఇంకోటి, అవతలివాడు లొంగిపోయానని చేత్తో తట్టగానే వదలాలి. తట్టకుండానే ఒళ్లు మెత్తబడితే ఇంకా ముందే వదలాలి.

తెల్లకాగితం:
డార్స్, అనకొండ అనే బిగింపులకూ పేర్లు పెట్టేస్తే ఓ పనైపోతుంది కదా. ఆ రెండూ ఎప్పుడూ కలిసిపోతుంటాయి.

గోదాగట్టు:
రెండూ మెడతోపాటు ఒక చేతిని కలిపి బిగించేవే. తేడా దారిలో ఉంది. డార్స్‌లో మన చేయి అతని చంక కింద దూరి మెడ దగ్గర తేలుతుంది. అనకొండలో మెడ దగ్గర దూరి చంక కింద తేలుతుంది. ‘చంక నుంచి మెడకు’, ‘మెడ నుంచి చంకకు’ అని పక్కనే రాసేయండి, ఇక కలవవు.

పదసంచి:
అయితే శీర్షిక ‘మోచేయెత్తు గిలటిన్’. కింది వాక్యం: ‘మణికట్టు నడిమి గీత దాటాక మోచేయి పైకెత్తి, మెడను రెండు పక్కలా బిగించాలి.’

పాత నిఘంటువు:
‘పైకెత్తి’ తీసేసి ‘పైకెత్తుతూ’ అనండి. ఎత్తడం, బిగించడం ఒకదాని తరవాత ఒకటి కాదు కదా.