బీసీఎన్‌ఎఫ్‌కి విడగొడితే ఒక నియమం పోతోంది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. చెన్నైలో ఎంసీఏ మొదటి ఏడాది. డిగ్రీ బీకాం చేశాను కాబట్టి డేటాబేస్ నాకు కొత్త. ఎస్‌క్యూఎల్ బాగానే వచ్చింది, జాయిన్‌లు రాయడమంటే ఇష్టం కూడా. నార్మలైజేషన్ (ఒకే సమాచారం పదేపదే పడకుండా టేబుళ్లను విడగొట్టడం) దగ్గరే ఆగిపోయాను.

ప్రాజెక్టుకి వేలచేరిలో మా రూమ్ కింద ఉన్న ట్యూషన్ సెంటర్‌ని తీసుకున్నాను. అక్కడ ఒక్కో టీచరు ఒక్క సబ్జెక్టే చెబుతారు. ఒక పిల్లాడికి ఒక సబ్జెక్టుకి ఒక్కరే టీచరు. టేబుల్‌లో మూడు కాలమ్‌లు: విద్యార్థి, సబ్జెక్టు, టీచరు. లెక్కల టీచరు పేరు వచ్చిన ప్రతి వరసలోనూ పక్కన మళ్లీ ‘లెక్కలు’ అని పడుతోంది. నార్మలైజేషన్ మెట్లలో ఇది థర్డ్ నార్మల్ ఫామ్‌లో ఉంది, దానికన్నా కఠినమైన బీసీఎన్‌ఎఫ్‌లో (బాయిస్–కాడ్ నార్మల్ ఫామ్) లేదు. టీచరును బట్టి సబ్జెక్టు తెలుస్తుంది, కానీ టీచరు ఈ టేబుల్‌కి కీ (ఒక్కో వరసను విడిగా గుర్తుపట్టించేది) కాదు కదా. ఇక్కడివరకు అర్థమైంది.

అందుకని టీచరు–సబ్జెక్టు, విద్యార్థి–టీచరు అని రెండు టేబుళ్లుగా విడగొట్టాను. ఇప్పుడు ఒకే పిల్లాడికి ఇద్దరు లెక్కల టీచర్లను ఎక్కించినా డేటాబేస్ కిక్కురుమనడం లేదు! రాత్రి నాలుగుసార్లు చేసి చూశాను, అన్నిసార్లూ తీసుకుంది. రిలేషనల్ డేటాబేస్ ఆలోచనకి ఆద్యుడైన కాడ్ 1970లో రాసిన పేపరూ తిరగేశాను, కానీ బీసీఎన్‌ఎఫ్ ఆ తర్వాత వచ్చింది.

సోమవారం వైవా, చాలా టెన్షన్‌గా ఉంది. పాత టేబుల్‌నే ఉంచి, టీచరు, సబ్జెక్టు రెండూ కలిపి టీచరు–సబ్జెక్టు టేబుల్‌కి ఫారిన్ కీ (అక్కడ ఉన్న జతలే ఇక్కడ పడేలా చేసే లింకు) పెడితే సరిపోతుందా? లేక రెండు టేబుళ్లు ఉంచి ట్రిగ్గర్ (డేటా ఎక్కించినప్పుడు దానంతట అదే నడిచే కోడ్) రాయాలా? ఉద్యోగాల్లో ఉన్న అన్నలు, అక్కలు మీరైతే ఏది చేస్తారు, ఎందుకు?