ఊపిరి, నడక, చాయ్ తగ్గించడం: టెన్షన్‌కి ఇవి నిజంగా పనిచేస్తాయా, పైపూతేనా?

వడ్డేపల్లి కట్ట (చర్చ మొదలుపెట్టినవారు)

హన్మకొండలో ఒక ప్రైవేటు ఆఫీసులో లెక్కలు రాస్తాను. మార్చి వచ్చిందంటే ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేను. నిరుడు పొద్దున లేచేసరికి దవడలు నొప్పిపెట్టేవి. నిద్రలో పళ్లు కొరుకుతున్నానని మా ఆవిడ చెప్పేదాకా నాకే తెలియదు.

మందుల జోలికి పోకుండా మూడు పనులు మొదలుపెట్టాను. పొద్దున అరగంట చెరువు కట్ట మీద నడక. సాయంత్రం నాలుగు దాటితే చాయ్ బంద్. గుండె దడ అనిపించినప్పుడు నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, ఆరు లెక్కపెడుతూ వదలడం, ఐదు నిమిషాలు. నెలన్నరకు దవడ నొప్పి పోయింది.

మొన్న మా బామ్మర్ది వచ్చి "ఇవన్నీ పని లేనోళ్ల ముచ్చట్లు బావా, జీతం పెరిగితే టెన్షన్ అదే పోతుంది" అన్నాడు. ఆ మాట మనసులో నుంచి పోవడం లేదు. మీరేమంటారు?

మిర్చి బస్తా

మీ బామ్మర్ది మాటలో నిజం ఉంది అన్నా. నిరుడు మా బాపు వరంగల్ ఎనుమాముల మార్కెట్లో రెండు రాత్రులు మిర్చి బస్తాల మీదే పడుకున్నాడు. పొద్దున జెండా పాటలో, అంటే ఆ రోజు మొదటి వేలంలో, పలికిన ధర ఒకటి, మా కుప్ప దగ్గరికి వచ్చేసరికి చెప్పిన ధర ఇంకొకటి. తేమ ఉందన్నారు, తాలు కలిసిందన్నారు. బాపు ఒక కాయ తీసి చెవి దగ్గర ఊపి, "ఇగో, గింజ గలగలమంటున్నది, తేమ ఎక్కడిది?" అని చూపించాడు. ఎవరూ ఆగి వినలేదు. ఆ కాయ చాలాసేపు ఆయన చేతిలోనే ఉంది.

ఆ నిమిషంలో "నాలుగు లెక్కపెట్టి ఊపిరి తీసుకో బాపూ" అని నేను ఎట్లా చెప్పాలి? ఆయన రంది అప్పుది. ధర సరిగా రావాలి, వడ్డీ తగ్గాలి. అవి వదిలేసి నడక, ఊపిరి అంటే, బాధ పడటం కూడా ఆయన తప్పే అన్నట్టు ఉంటుంది.

రాత్రి డ్యూటీ

నర్సుగా పదేళ్లయింది. తమ్ముడూ, మీ కోపం న్యాయమైనదే. కానీ ఒంటికి ఆ తేడా తెలియదు. పాము కనపడినా, ధర పడిపోయినా అదే దడ, అదే బిగిసిన మెడ, అదే ఎండిపోయిన నోరు. పాము కాసేపటికి పోతుంది. అప్పు ఏడాదంతా ఉంటుంది కాబట్టి ఒళ్లు ఏడాదంతా పాము ముందే నిలబడి ఉంటుంది.

ఊపిరి లెక్క ఎందుకు పనిచేస్తుందో చెప్తాను. గాలి తీసుకునేటప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. మెదడు నుంచి గుండెకు దిగే వేగస్ నరం చేసే పని అది. వదలడం పొడుగు చేస్తే ఆ నెమ్మది ఎక్కువసేపు నిలుస్తుంది. మామూలుగా మనం నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటాం. నాలుగు, ఆరు లెక్కన చేస్తే 6 సార్లే. తల తిరిగితే ఆపేయాలి, బలవంతం వద్దు.

ఇక చాయ్. అందులోని కెఫీన్ సగానికి తగ్గాలంటే సుమారు 5 గంటలు పడుతుంది. రాత్రి తొమ్మిదికి తాగితే రెండింటికి కూడా సగం ఒంట్లోనే ఉంటుంది. బాపు మార్కెట్లో రాత్రి ఎన్ని చాయ్‌లు తాగాడో అడగండి. నిద్ర లేని మనిషి పొద్దున బేరం ఎట్లా ఆడగలడు?

గునుగు పూలు

నాకు ఒంటరిగా కళ్లు మూసుకుని కూర్చుంటే గుబులు ఇంకా పెరిగింది. అందరికీ అదే మందు అంటే నేను ఒప్పుకోను.

నాకు పనికొచ్చింది మనుషులు. పద్మాక్షి గుట్ట దగ్గర బతుకమ్మ ఆడేటప్పుడు గమనించండి. ముందుకు వంగి చప్పట్లు, ఒక అడుగు పక్కకు, మళ్లీ చప్పట్లు. వరస చివర "ఉయ్యాలో" అని సాగదీసినప్పుడు ఊపిరి ఎవరూ చెప్పకుండానే పొడుగవుతుంది. అక్క చెప్పిన లెక్కే కదా ఇది. పక్కామె అడుగుతో మన అడుగు కలపాలి కాబట్టి ఆ గంటసేపు ఇంటి గొడవ గుర్తుకు రాదు. మా అమ్మమ్మ ఆ తొమ్మిది రోజులూ ఇంట్లో ఎవరి మీదా గొంతు పెంచేది కాదు.

పండుగ ఏడాదికొక్కసారే వస్తుంది, నిజమే. మిగతా రోజుల్లో సాయంత్రం గడప మీద కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ పక్కింటి వదినతో మాట్లాడతాను. చేతికి పని ఉంటే నోరు తేలిగ్గా తెరుచుకుంటుంది.

మందుల షాపు

ఒక్క మాట. టెన్షన్‌కి సహజమైనది కదా అని అశ్వగంధ పొడి అడిగేవాళ్లు చాలామంది వస్తున్నారు. థైరాయిడ్ మాత్రలు, నిద్ర మాత్రలు వాడేవాళ్లు, గర్భిణులు డాక్టరును అడగకుండా తీసుకోవద్దు. కాలేయం దెబ్బతిన్న కేసులు కూడా ఉన్నాయి. ఆకు, వేరు అయినంత మాత్రాన హాని చేయదని అనుకోకండి.

వడ్డేపల్లి కట్ట

తమ్ముడూ, మీరు చెప్పింది రాత్రంతా ఆలోచించాను. నా నడక మా జీతం పెంచలేదు, మీ మిర్చికి ధర తేలేదు. అది ఒప్పుకుంటాను. కానీ దవడ నొప్పి పోయాకే నేను మేనేజరు దగ్గరికి పోయి, ఇద్దరి పని ఒక్కడినే చేయలేనని చెప్పగలిగాను. అంతకుముందు నోరు తెరిస్తే కోపమే వచ్చేది. బామ్మర్దికి చెప్పాల్సిన జవాబు నాకు ఇదే.

లెక్కల మనిషిని కాబట్టి ఒకటి అడుగుతాను. బాపు అప్పు ఎంతో మీ ఇంట్లో ఎవరికైనా పూర్తిగా తెలుసా? ఒక కాగితం మీద రాయండి: ఎవరికి, ఎంత, ఏ వడ్డీ, ఎప్పటికి. రాత్రి రెండింటికి తలలో తిరిగే అప్పు ఎప్పుడూ అసలుకన్నా పెద్దదిగానే కనిపిస్తుంది.

రాత్రి డ్యూటీ

రాసేటప్పుడు ఆయన పక్కన ఉండండి. రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోయినా, తిండి మానేసినా, "నేను లేకుంటేనే మంచిది" లాంటి మాట వచ్చినా ఊపిరి లెక్కలతో ఆగొద్దు. మనసు బాగాలేనప్పుడు ఫోన్ చేయడానికి ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ నంబరు 14416, ఏ వేళైనా ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆ మాట వచ్చిన రోజు మాత్రం ఆయన్ని ఒంటరిగా వదలకండి.

మిర్చి బస్తా

నిన్న ఆదివారం రాశాం. బాపు చెప్తుంటే నేను రాశాను. అడ్తి (మార్కెట్లో మా సరుకు అమ్మిపెట్టే కమిషన్ వ్యాపారి) దగ్గరిది, సంఘం దగ్గరిది, మామ దగ్గరిది. మామకు పోయిన సంక్రాంతికే సగం కట్టేశామని అమ్మ గుర్తుచేసింది. బాపు అది మరిచిపోయి మొత్తం మోస్తున్నాడు. కాగితం మడిచి అంగీ జేబులో పెట్టుకున్నాడు.

రాత్రి చాయ్ అడిగితే అమ్మ మజ్జిగ ఇచ్చింది. రెండింటికి ఆయన లేచి వాకిట్లో తిరిగే చప్పుడు వినపడలేదు. ఒక్క రాత్రే, ఇంకేమీ అనను. అడ్తి వడ్డీ మాట అట్లాగే ఉంది. దాని కోసం శుక్రవారం ఇద్దరం పోతున్నాం, ఆ కాగితం పట్టుకుని.