ట్రక్ క్యాంపర్‌లో తెల్లవారుజామున హీటర్ అంటుకోవడం లేదు: లోపం బ్యాటరీదా, వైరింగ్‌దా?

ప్రశ్న (కొలరాడో నుంచి)

మిత్రులకు నమస్కారం. మా పికప్ ట్రక్కు బెడ్‌లో కూర్చునే క్యాంపర్‌కు 12 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఒకటి ఉంది. పగలంతా ప్రయాణించి సాయంత్రం కొండల్లో ఆగితే, పడుకునే వరకు లైట్లు, నీటి పంపు చక్కగా పనిచేస్తాయి. తెల్లవారుజామున మాత్రం గ్యాస్ హీటర్ ఫ్యాన్ తిరుగుతుంది గానీ మంట అంటుకోదు. ఇంటి దగ్గర 120 వోల్టుల కరెంటుకు కలిపినప్పుడు ఏ ఇబ్బందీ లేదు. బ్యాటరీ ఇంకా కొత్తదే అయినా, లిథియం బ్యాటరీకి మారమని దుకాణంలో చెబుతున్నారు. పిల్లలు చలికి వణుకుతున్నారు కాబట్టి త్వరగా తేల్చుకోవాలి. అంత డబ్బు పెట్టే ముందు ఏమేమి పరీక్షించాలో దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు

మీ హీటర్ బాగానే ఉందని నా అభిప్రాయం. అందులో గాలి ఒత్తిడికి కదిలే చిన్న రేకు స్విచ్ ఒకటి ఉంటుంది; ఫ్యాన్ తగినంత వేగం అందుకుంటేనే అది కలుస్తుంది, అది కలిస్తేనే గ్యాస్ వాల్వ్ తెరుచుకుంటుంది. వోల్టేజి పడిపోయినప్పుడు ఫ్యాన్ తిరుగుతున్నట్టే కనిపిస్తుంది గానీ ఆ వేగం స్విచ్‌కు చాలదు. అంటే తెల్లవారేసరికి మీ బ్యాటరీ ఖాళీ అవుతోంది. అది రాత్రి ఎక్కువ ఖర్చవుతోందా, లేక పగలు అసలు నిండడమే లేదా అన్నది ముందు తేలాలి.

ఇంజను నడుస్తుండగా మల్టీమీటరుతో ట్రక్కు బ్యాటరీ దగ్గర, వెంటనే క్యాంపర్ బ్యాటరీ దగ్గర వోల్టేజి చూడండి. ట్రక్కును క్యాంపర్‌కు కలిపే ఏడు పిన్నుల ప్లగ్గు ద్వారా వచ్చే ఛార్జింగ్ తీగ సాధారణంగా సన్ననిది. 10 గేజి (తీగ మందం కొలత) రాగి తీగ పోనురాను 40 అడుగులు ఉందనుకుంటే, 15 ఆంపియర్లు ప్రవహించినప్పుడు అందులోనే దాదాపు 0.6 వోల్టులు పోతాయి. ఇంకో మాట, ప్రయాణంలో మీ ఫ్రిజ్ 12 వోల్టుల మీద నడుస్తోందా? గ్యాస్‌తోనూ నడిచే ఆ రకం ఫ్రిజ్‌లు పది ఆంపియర్లకు పైగా లాగుతాయి కనుక, ట్రక్కు పంపిన కరెంటులో అధిక భాగం దానికే సరిపోయి బ్యాటరీకి మిగిలేది కొంచెమే. ఫ్రిజ్ ఆపి ఒకసారి, నడిపి ఒకసారి కొలిస్తే సంగతి బయటపడుతుంది. లోడ్లన్నీ (కరెంటు వాడే పరికరాలన్నీ) తీసేసి కొన్ని గంటలు వదిలాక లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 పైన చూపితే నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గర ఉంటే సగమే ఉన్నట్టు.

రెండవ జవాబు

పై మిత్రులు చెప్పినది సరైనదే, అయితే నెగటివ్ వైపును చాలామంది మరిచిపోతారు. క్యాంపర్ తరచుగా రబ్బరు మ్యాట్ మీద కూర్చుంటుంది కనుక ట్రక్కు ఛాసిస్ (లోహపు చట్రం) ద్వారా దానికి ఎర్త్ అందుతుందని నమ్మలేము. ఆ ప్లగ్గులోని తెల్ల తీగ ఒక్కటే దారి కావచ్చు. ఇంజను నడుస్తూ ఫ్రిజ్ కూడా పనిచేస్తుండగా, మీటరు ఒక కొసను ట్రక్కు బ్యాటరీ నెగటివ్‌కు, రెండవ కొసను క్యాంపర్ బ్యాటరీ నెగటివ్‌కు తాకించండి. అర వోల్టు వస్తే ఆ దారిలో ఎక్కడో తుప్పు గానీ వదులు గానీ ఉన్నట్టే. లోడు లేకుండా కొలిస్తే ఈ లోపం కనబడదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఫ్రిజ్ నడుస్తుండగా ట్రక్కు దగ్గర 14.2, క్యాంపర్ దగ్గర 12.9 వచ్చింది, నెగటివ్‌ల మధ్య 0.5 చూపింది. ప్లగ్గు విప్పి చూస్తే తెల్ల తీగ పిన్ను పచ్చగా చిలుము పట్టి ఉంది. శుభ్రం చేసి బిగించి, ఫ్రిజ్ ఆపి కొలిస్తే 13.7 వచ్చింది. ఇక డీసీ-డీసీ ఛార్జరు (ట్రక్కు నుంచి వచ్చే వోల్టేజిని క్యాంపర్ బ్యాటరీకి తగినట్టు మార్చే పరికరం) పెట్టించడం అవసరమా?

మొదటి జవాబు ఇచ్చినవారు

అవసరమనే అంటాను. కొత్త ట్రక్కుల్లో ఆల్టర్నేటర్ (ఇంజనుతో తిరుగుతూ కరెంటు పుట్టించే యంత్రం) తన వోల్టేజిని తానే తగ్గించుకుంటూ ఉంటుంది; ఆ ఛార్జరు ఉంటే అటు ఎంత వచ్చినా ఇటు బ్యాటరీకి కావలసిన వోల్టేజి అందుతుంది. దానికి మందమైన తీగ వేయించి, రెండు చివరలా బ్యాటరీలే ఉన్నాయి కనుక రెండు చివరలా ఫ్యూజులు పెట్టించండి. లిథియం గురించి తర్వాత ఆలోచించవచ్చు. సున్నా డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడితే దానికి ఛార్జింగ్ ఇవ్వకూడదు కనుక, మీ కొండల చలికి బ్యాటరీని వెచ్చగా ఉంచే ఏర్పాటు కూడా కావాలి. కరెంటు ఆదా కోసం కార్బన్ మోనాక్సైడ్ అలారం ఫ్యూజును మాత్రం ఎప్పుడూ తీయకండి, లోపల పిల్లలు నిద్రపోతుంటారు.